రౌల్ ఎంత్రెరియోస్ నలభై ఏళ్ల దాకా ఎలా ఆడగలిగాడు?

హ్యాండ్‌బాల్ గురించి బాగా తెలిసినవారు దయచేసి సాయం చేయండి. స్పెయిన్ మాజీ కెప్టెన్ రౌల్ ఎంత్రెరియోస్ ఆటను కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. 1981లో హిహోన్‌లో పుట్టాడు. లియోన్, వయ్యదోలిద్ జట్ల తర్వాత 2010లో బార్సిలోనాలో చేరి, 2021లో ఛాంపియన్స్ లీగ్ గెలిచి, అదే వేసవిలో టోక్యో ఒలింపిక్స్ కాంస్యంతో ఆట ముగించాడు. అన్న అల్బెర్తోతో కలిసి 2013 ప్రపంచకప్ కూడా గెలిచాడు.

నన్ను ఆశ్చర్యపరిచేది అతని చివరి సంవత్సరాల ఆట. గోల్‌కు విసురుతున్నట్టే చెయ్యి పైకెత్తుతాడు, ఇద్దరు డిఫెండర్లు ముందుకు వస్తారు, అంతలోనే బంతి గోల్ ముందున్న ఆరు మీటర్ల గీత దగ్గర పివట్ (డిఫెండర్ల మధ్య నిలబడే దాడి ఆటగాడు) చేతుల్లో ఉంటుంది. ఎంత అందమైన ఆట!

మా అమ్మాయి కూడా పాఠశాల జట్టులో అతనిలాగే సెంటర్ బ్యాక్, అంటే మధ్యలో ఉండి దాడిని నడిపించే ఆటగత్తె. వేగం తక్కువ, చూపు మాత్రం చురుకు. అందుకే అడుగుతున్నాను: పాస్ ఇవ్వాల్సిన క్షణాన్ని అతను దేన్ని బట్టి పసిగడతాడు? డిఫెండర్ పాదాలనా, భుజాలనా? పదమూడేళ్ల పిల్లకు దాన్ని ఏ సాధనతో నేర్పించాలి? అతని మ్యాచ్‌లలో ముందుగా ఏవి చూపించమంటారు?