పాతాళభైరవి ఇప్పటి పిల్లలు కూర్చుని చూస్తారంటారా? ఊళ్లో తెర కట్టి వేద్దామనుకుంటున్నాం

చీపురుపల్లి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర చిన్న ఊరు. సంక్రాంతికి అందరూ ఊరొస్తారు కదా, కనుమ రోజు రాత్రి రామమందిరం ముందు తెర కట్టి ఒక సినిమా వేద్దాం అని కుర్రాళ్లం అనుకున్నాం. ప్రొజెక్టర్ ఫ్రెండ్ దగ్గరుంది, తెరకి తెల్ల దుప్పట్లు రెండు కలిపి కుట్టిస్తున్నాం. గొడవల్లా ఏ సినిమా అనేదాని దగ్గరే వచ్చింది. బ్యాచ్‌లో సగం మందికి పైగా కొత్త సినిమా ఏదో ఒకటి వేసేద్దాం అంటున్నారు, నేను పాతాళభైరవి అన్నాను, అనగానే అందరూ నా మొహం చూశారు. 1951 సినిమా, బ్లాక్ అండ్ వైటు, మూడు గంటల పైన ఉంటుంది, ఎవరు కూర్చుంటారు అని.

నేను ఊరికే అనలేదు. మొన్న దసరాకి మా నానమ్మ నా ఫోన్లో అది పెట్టించుకుని చూస్తోంది. మా అప్ప కూతురికి ఎనిమిదేళ్లు, ఫోన్ లాక్కుందామని వచ్చింది, వచ్చి నానమ్మ పక్కన నిలబడింది, కాసేపటికి కూర్చుంది, ఇంకాసేపటికి నానమ్మ ఒళ్లో ఉంది. మాంత్రికుడు వచ్చినప్పుడల్లా నానమ్మ చెయ్యి పట్టేసుకునేది, కానీ కళ్లు మాత్రం తిప్పలేదు. ఆ తర్వాత వారం రోజులు ముక్కాలిపీట ఎక్కి చెయ్యెత్తి నిలబడి ఇంట్లో ఎవరు కనిపిస్తే వాళ్లని "నరుడా ఏమి నీ కోరిక" అని అడిగేది. నానమ్మ మోకాళ్ల నొప్పులు పోవాలి తల్లీ అంది. మా బావ అడిగింది చెప్పలేదు గానీ, చేతులు కట్టుకుని మాత్రం నిలబడ్డాడు.

అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన. ఏముంది ఇందులో? గ్రాఫిక్స్ లేని రోజుల సినిమా, ఇప్పుడు పిల్లలు ఫోన్లో ఇంతకంటే వంద రెట్లు మాయలు చూస్తున్నారు కదా. మరి ఆ పిల్ల ఎందుకు కదల్లేదు? మీరెవరైనా ఈమధ్య పిల్లలతో చూసుంటే చెప్పండి. మా వాళ్లని ఒప్పించడానికి నాకు ఒక్క గట్టి మాట కావాలి.

రాజాం అమ్మాయి:

తప్పకుండా వెయ్యండి తమ్ముడూ. జానపదం అనగానే అందరూ మాయలు, మంత్రాలు అంటారు గానీ నా మట్టుకు నాకు ఇది ప్రేమకథ. మాయ అంతా ఆ ప్రేమకి అడ్డం పడ్డ ఒక్క మాట వల్ల వచ్చిందే. తోటమాలి కొడుకు రాజుగారి కూతుర్ని ఇష్టపడ్డాడు, రాత్రిపూట కోటలోకి దొంగచాటుగా వెళ్లాడు, దొరికిపోయాడు. అప్పుడు రాజు ఏం అడిగాడు? నువ్వు మంచివాడివా అని అడగలేదు, నా కూతురికి నువ్వంటే ఇష్టమా అనీ అడగలేదు, నాతో సమానంగా సంపద తీసుకురా అన్నాడు. ఈ మాట ఏదో ఒక రూపంలో వినని ఇల్లు మన జిల్లాలో ఉందా చెప్పండి.

మా అమ్మానాన్నలది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. మా తాతగారు నాన్నని గుమ్మంలోనే నిలబెట్టి ముందు నెలజీతం చూపించు, తర్వాత మాట్లాడదాం అన్నారట. నాన్న జూట్ మిల్లులో చేరి, మూడో నెల జీతం కవరు విప్పకుండా తెచ్చి ఆయన ముందు పెట్టారట. ఆ కవరు అమ్మ ఇప్పటికీ చీరల మడతలో దాచింది, లోపల డబ్బులు లేవు, ఖాళీ కవరే. ఈ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా రాజు ఆ షరతు పెట్టే చోట నాన్న ఏం మాట్లాడరు, అమ్మ మాత్రం లేచి టీ పెట్టడానికి వెళ్లిపోతుంది. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

అందుకే మాంత్రికుడు సాహసం చెయ్యి రాకుమారి దొరుకుతుంది అని ఆశపెడితే ఆ తోటమాలి కొడుకు రాముడు వెనక నడిచాడంటే మనం నమ్ముతాం. డబ్బాశతో వెళ్లుంటే ఆ కుర్రాడి మీద మనకి ఇంత ప్రేమ ఉండేది కాదు. ఇంకోటి, వాళ్లమ్మ. సురభి కమలాబాయి గారు వేశారు ఆ పాత్ర. కొడుకు పెద్దింటి పిల్ల మీద మనసు పడితే పేదింటి తల్లికి ఎంత భయమో అదంతా ఆమె గొంతులోనే ఉంటుంది.

పార్వతీపురం బావ:

నేను కొంచెం తేడాగా చెప్తాను, ఏమనుకోవద్దు. సినిమా గొప్పదే, కాదనను. కానీ పండగ రాత్రి, చలి, ఊరందరూ, చంటిపిల్లలు, మధ్యలో లేచేవాళ్లు, ఇవన్నీ చూసుకోవాలి. మొదటి అరగంట నెమ్మదిగా ఉంటుంది. నన్నడిగితే జగదేకవీరుడు అతిలోకసుందరి వేస్తాను. అదీ ప్రేమ, మాయ కలిసిన కథే, రంగుల్లో ఉంటుంది, ఇళయరాజా పాటలు, పైగా శ్రీదేవి. 1990 మే 9న రిలీజ్ అయింది, సరిగ్గా అదే రోజు కోస్తాలో పెద్ద తుఫాను, అయినా జనం వానలో తడుస్తూ వెళ్లారు, మా నాన్న గొడుగు విరిగిపోయినా వెనక్కి రాలేదట. మళ్లీ 2025లో అదే మే 9న త్రీడీలో వేస్తే నేను మా అబ్బాయిని తీసుకెళ్లాను. ఇంద్రుడి కూతురు ఉంగరం కోసం మన మధ్యకి వచ్చి తిరుగుతుంటే వాడు కళ్లార్పకుండా చూశాడు.

అయితే ఇది రాస్తుంటేనే ఒకటి తట్టింది. రెండిట్లోనూ లోపల ఉన్నది ఒకటే. అక్కడ తోట పనివాడు, ఇక్కడ టూరిస్టు గైడు. ఇద్దరికీ ఆస్తి లేదు, వంశం లేదు. అందనంత ఎత్తులో ఉన్న అమ్మాయి వాడి మంచితనం చూసి కిందికి దిగొస్తుంది. రాజాం మేడమ్ చెప్పిన మాటే ఇది కూడా. అయినా నా ఓటు మాత్రం రంగుల సినిమాకే.

కోట వీధి శ్రోత:

మాది విజయనగరం. పాటల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్పాల్సిందే. ఈ సినిమాకి సంగీతం ఘంటసాల గారు. ఆయన సంగీతం నేర్చుకున్నది మన ఊళ్లోనే, మహారాజా వారి సంగీత కళాశాలలో. సాలూరు నుంచి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకి గురువు. చేతిలో డబ్బుల్లేక జోలె పట్టుకుని ఇంటింటికీ మధుకరం వెళ్లి, ఆ అన్నం తిని చదువుకున్నారు. మన వీధుల్లో అన్నం అడిగిన కుర్రాడు కొన్నేళ్లకి "కలవరమాయే మదిలో" కట్టాడు. ఇది మీ బ్యాచ్‌కి చెప్పండి, మన ఊరి అన్నం ఆ పాటలో ఉంది అని చెప్పండి, కొత్త సినిమా అన్నవాళ్లు ఏం మాట్లాడతారో చూద్దాం.

"ఎంత ఘాటు ప్రేమయో" అని పింగళి నాగేంద్రరావు గారు రాస్తే అప్పట్లో కొందరు పట్టుకున్నారు, ఘాటు మిరపకాయకీ పొగాకుకీ ఉంటుంది గానీ ప్రేమకేంటి అని. ఇన్నేళ్ల తర్వాత ఆ మాటే నిలబడింది, ఇప్పుడు ప్రేమ గురించి ఘాటు అంటే ఎవరికీ వింతగా ఉండదు. ఘంటసాల గారు, పి. లీల గారు ఆ పాటని ఎక్కడా గట్టిగా అరవరు, పక్కవాళ్లు వింటారేమో అన్నట్టు పాడతారు. తోటలో రాత్రి కలుసుకున్న ఇద్దరు అలాగే కదా మాట్లాడుకునేది.

వెన్నెల చూపించింది కెమెరామన్ మార్కస్ బార్ట్లీ. స్టూడియోలో దీపాలు పెట్టి తీసిన వెన్నెల అది, నమ్మలేం. అందుకని ఒక్క పని చెయ్యండి, మందిరం దగ్గర వీధిలైటు ఆ మూడు గంటలు ఆర్పించండి, దుప్పట్లు ఇస్త్రీ చేయించి బిగించి కట్టండి. తెర మీద ముడత పడితే ఆ నలుపూ తెలుపూ చచ్చిపోతాయి. స్పీకర్లో బేస్ బాగా తగ్గించండి, పాత సౌండ్‌కి బేస్ పెంచితే మాటలు ముద్దైపోతాయి, మాంత్రికుడు వేసిన ఎస్వీ రంగారావు గారి ఒక్కో అక్షరం వినపడాలి. అప్పటికి ఆయనకి ముప్పై రెండేళ్లు అంటే నమ్ముతారా, ఆ నడక, ఆ కళ్లు, ఆ మాట విరుపు!

ఇంకా మాట కావాలంటే, 1952లో మన దేశంలో మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చిత్రోత్సవంలో దక్షిణాది నుంచి ఉన్న సినిమా ఇదొక్కటే.

ఉద్దానం కొబ్బరితోట:

పిల్లలు చూస్తారా అని అడిగారు కదా, నా దగ్గర ఒక అనుభవం ఉంది, కొంచెం పెద్దది.

మాది పలాస దాటాక సముద్రం వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీద నుంచే పోయింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకి పడున్నాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్దానం అంటేనే ఉద్యానవనం అంటారు, ఆ వనమే లేదు. కరెంటు చాలా రోజులు రాలేదు. పక్క ఊళ్లో ఒకాయన డీజిల్ జనరేటర్ పెట్టి ఫోన్‌కి ఇంతని తీసుకుని చార్జింగ్ పెట్టేవాడు. నేను లాప్‌టాప్ పట్టుకెళ్లి నింపుకొచ్చాను, ఇన్సూరెన్స్ కాగితాలు ఏవో చూసుకోవాలని. ఇంటికొస్తే వీధిలో గుంటలందరూ మా అరుగు మీద చేరి ఏదైనా పెట్టన్నా అని ఒకటే గోల. అందులో ఉన్న సినిమా ఇదొక్కటే, అమ్మమ్మ కోసం ఎప్పుడో ఎక్కించింది.

పెట్టాను. పదిహేను మంది ఒక చిన్న తెర ముందు. మొదట్లో పెద్దోళ్లు కొందరు నవ్వారు, పిల్లలు మాత్రం నవ్వలేదు. తోటరాముడు అన్న పేరు వినగానే ఒకడు "మనోడే" అన్నాడు, తోట పని చేసుకునేవాళ్ల పిల్లలు కదా. మొసలి దగ్గర అందరూ దగ్గరికి జరిగారు. మొక్కడం ఎలాగో నువ్వే చూపించు అని రాముడు మాంత్రికుణ్నే బలిచ్చినప్పుడు ఒక్కసారి కేకలు, ఆ కేకలకి పక్క వీధి వాళ్లు ఏమైందో అని పరిగెత్తుకొచ్చారు.

తర్వాత రాముడికి మేడ వచ్చింది, పెళ్లి సంబరం మొదలైంది, ఇంతలో మాంత్రికుడు మళ్లీ బతికి, కోరిందల్లా ఇచ్చే ఆ పాతాళభైరవి బొమ్మ కాజేశాడు. మేడా రాజకుమారీ మాయమయ్యే చోట చార్జింగ్ అయిపోయింది, తెర నల్లబడిపోయింది. పిల్లలు అది సినిమాలోదే అనుకుని అలాగే చూస్తూ కూర్చున్నారు. అయిపోయిందర్రా అని నేను చెప్తే ఒక గుంట ఏడుపు మొదలెట్టింది, వాడికి మేడ మళ్లీ రాదా అని.

అప్పుడు మా అమ్మమ్మ లాంతరు దగ్గరికి జరిగి, "ఏడవకే గుంటా, ఒస్తాది, నేను సెప్తాను కూకోండి" అని మిగతా కథంతా నోటితో చెప్పింది. గంట పైనే చెప్పింది. మాంత్రికుడి గుహని తీసుకెళ్లి మా మహేంద్రగిరి కొండల్లో పెట్టేసింది, రాముడు మందస మీదుగా నడిచి వెళ్తాడు, దారిలో ఎవరో పనసపండు పెడతారు. మాయ చెప్పులు, గడ్డంతో పాటు మాంత్రికుడి శక్తి పోవడం అన్నీ ఉన్నాయి, కానీ అన్నీ ఆవిడ పద్ధతిలో. ఒక్క పిల్లాడు కదిలితే ఒట్టు. ఇది కాశీమజిలీ కథల బాణీలో పుట్టిన కథ అంటారు కదా, మజిలీలో కూర్చుని చెప్పుకునే కథకి తెర లేకపోయినా నష్టం లేదని నాకు ఆ రాత్రే తెలిసింది. కరెంటొచ్చాక పిల్లలు వచ్చి రెండో సగం చూశారు, చూసి పనసపండు ఏదని అడిగారు.

కాబట్టి భయం లేకుండా వెయ్యండి.

చీపురుపల్లి కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. కోట వీధి గారు చెప్పిన అన్నం మాట మా వాళ్లకి చదివి వినిపించాను, ముగ్గురు మారారు, ఇప్పుడు మావైపే ఎక్కువ. బావగారూ, జగదేకవీరుడు భోగి రోజు వేసేస్తాం, అదీ తీసెయ్యం. లైటు సంగతి పంచాయతీలో అడుగుతాను, మొదటి పాట కంటే ముందే ఆరిపోవాలి. ఉద్దానం అన్నా, ఒక్కటి అడగాలి, మీ అమ్మమ్మ గారు చివర ఎలా చెప్పారు? పెళ్లయ్యాక ఆ బొమ్మని రాముడు ఏం చేశాడట?

ఉద్దానం కొబ్బరితోట:

పిల్లలూ అదే అడిగారు తమ్ముడూ. బొమ్మ తీసుకెళ్లి బారువ దగ్గర సముద్రంలో పారేశాడు అంది. రాజకుమారిని తీసుకుని వాళ్లమ్మ దగ్గరికి వచ్చేశాడు అంది. ఒకడు ఊరుకోలేదు, అంత పెద్ద మేడ ఒగ్గీసి ఎందుకొచ్చాడు అమ్మమ్మా అన్నాడు. ఆవిడ మా పెరట్లో పడిపోయిన చెట్ల వైపు చూసి, "మరి తోట ఎవులు సూత్తార్రా" అంది.