‘తెలివి యొకింత లేనియెడ’: ఆ ‘లేని’ సంగతేమిటి?

(మాట్లాడేవాళ్లకు వాళ్లుండే విశాఖ పేటల పేర్లే పెట్టాం.)

మద్దిలపాలెం: పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తుంటే ఈ పాదం పట్టుకుంది, వదలడం లేదు. “తెలివి యొకింత లేనియెడ దృప్తుడనై కరిభంగి...” భర్తృహరి సంస్కృత నీతిశతకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు ఇది: అంతా తెలుసని ఏనుగులా మదించి తిరిగాను, పండితుల దగ్గర చేరాక నాకు తెలియదని తెలిసి గర్వం పోయింది, అని. మూలంలో భర్తృహరి అన్నది “యదా కించిజ్జ్ఞోఽహం” కదా, కొంచెం తెలిసినప్పుడు మదమెక్కిందని. లక్ష్మణకవి “ఒకింత లేనియెడ” అంటే బొత్తిగా తెలియనప్పుడనేగా? తెలివంటే ఏమిటి నాన్నా అని మా అబ్బాయి అడిగితే, ఈ పద్యమే చెప్పబోయి ఇక్కడ ఆగిపోయాను.

సీతమ్మధార: చంపకమాల కదండీ, గణాల కోసం వేసుంటారు.

గాజువాక: గణాల మీదకి తోసేయకండి మాస్టారూ. “తెలివి యొకింత కల్గునెడ” అని చూడండి. ‘లేనియె’లాగే ‘కల్గునె’ కూడా భగణమే (గురువు, రెండు లఘువులు), ‘దృ’ దగ్గర యతికీ ఇబ్బంది లేదు. ఆయన కావాలనే ‘లేని’ వేశారు. కొద్దిపాటి చదువును ఆయన తెలివి కింద లెక్కే వెయ్యలేదు. పండితుల దగ్గర కూర్చున్నాక కూడా “ఇంచుక బోధశాలినై”, కాస్త జ్ఞానం కలిగి, అన్నారు తప్ప తెలివి వచ్చిందనలేదు, చూశారా?

సీతమ్మధార: మరి “సర్వమున్ దెలిసితి”లో ఉన్నదీ ఆ ధాతువే కదా! నా మటుకు ‘ఒకింత లేని’ అంటే కాస్త కొరవడిన అని. కూరలో ఉప్పు లేదంటాం. అసలు వెయ్యలేదని కాదు, చాల్లేదని.

భీమిలి: మా వైపు “తెలివొచ్చిందా?” అంటే మెలకువ వచ్చిందా అని. స్పృహ పోతే తెలివి తప్పిందంటాం. తెల్లవారడం, తేటపడడం, తెలివి, అన్నీ ఒక్క కుదురువేనని నా నమ్మకం. మేధ అలా కాదు. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో “ధీర్ధారణావతీ మేధా”, అంటే పట్టి నిలుపుకునే బుద్ధి. పేపర్లవాళ్లు ‘కృత్రిమ మేధ’ అనడం నాకు అందుకే నచ్చింది. యంత్రానికి ధారణ ఉంది, తెలివొచ్చిందా అని దాన్ని అడగలేం. ఈ లెక్కన ‘తెలివి లేనియెడ’ అంటే మెలకువ లేనప్పుడు.

గాజువాక: బావుంది గానీ, నిద్రపోయే ఏనుగు “విహరించితి” అనదు కదండీ. ఏనుగంటే గుర్తొచ్చింది. మూలంలో మదం “జ్వర ఇవ”, జ్వరంలా దిగిపోతుంది. ఎంత గొప్ప పోలిక! తెలుగులో అది పోయి “గతమయ్యె నితాంత గర్వమున్” మిగిలింది. ఏనుగు మాత్రం నిలిచింది. పూర్వీకులకు ఏనుగు బహుమానంగా వచ్చాకే పైడిపాటివారు ఏనుగువారయ్యారంటారు. ఆ కవి ఆ పోలికను ఎలా వదులుకుంటాడు?

సీతమ్మధార: జ్వరం పోయిందని నాకూ బాధే. ఉప్పు మాటకి మాత్రం జవాబు రాలేదు.

మద్దిలపాలెం: మా అబ్బాయికీ ఇంకా జవాబు చెప్పలేదు. ఎలకూచి బాలసరస్వతి కూడా ఈ శతకాన్ని తెనిగించారు కదా, ‘కించిజ్జ్ఞ’ దగ్గర ఏ మాట వేశారో ఎవరి దగ్గరైనా ఉందా? సాయంత్రం ద్వారకానగర్ లైబ్రరీలో వెతుకుతాను. దొరికితే ఫొటో పెడతాను.