ధైర్యం వచ్చాక భయాన్ని ఎదుర్కోవాలా, ఎదుర్కొంటే ధైర్యం వస్తుందా?

చిరుగాలి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. సూది అన్నా, రక్తం అన్నా నాకు చిన్నప్పటి నుంచీ విపరీతమైన భయం. రక్తపరీక్ష చేయించుకోమని డాక్టరు గారు చెప్పి చాలాకాలమైంది. ల్యాబ్ గుమ్మం దాకా వెళ్లడం, లోపలి నుంచి స్పిరిట్ వాసన తగలగానే వెనుదిరగడం నాకు అలవాటైపోయింది. అంతకుముందు ఒకసారి బలవంతాన కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోయాను. "ఇందులో భయపడటానికి ఏముంది?" అని ఇంట్లోవాళ్లు మంచి మనసుతోనే అంటారు గాని, ఆ మాట విన్నప్పుడల్లా భయానికి సిగ్గు కూడా తోడవుతోంది. కాస్త ధైర్యం చిక్కాక వెళ్దామని ఆగుతున్నకొద్దీ భయం పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. ఆ ధైర్యం ఎలా తెచ్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

దారిదీపం

చిరుగాలి గారూ, ధైర్యం చిక్కాక వెళ్దామని ఆగినంతకాలం అది చిక్కదండీ. ఇది మీ పిరికితనం కాదు, భయం పనిచేసే తీరే అంత. గుమ్మం నుంచి వెనుదిరిగిన మరుక్షణం మీ గుండెదడ తగ్గి, ఊపిరి తేలికపడుతుంది. తప్పించుకున్నందువల్లే గండం గడిచిందని మనసు నమ్ముతుంది కాబట్టి, మరుసటిసారి వెనుదిరగాలన్న తొందర ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా పుడుతుంది. లోపలికి వెళ్లి ఉంటే నిజంగా ఏం జరిగేదో తెలుసుకునే అవకాశం మాత్రం దానికి ఎన్నడూ దొరకదు.

అందుకే కొద్దికొద్దిగా దగ్గర కావాలి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలును చూసి హడలిపోయే ఒక పసివాడి గురించి రాశారు. వాడు తనకు ఇష్టమైనవి తింటున్నప్పుడు కుందేలును బోనులో దూరంగా ఉంచి, వాడు తట్టుకోగలిగినంత మేరకే దగ్గరికి జరుపుతూ రాగా, చివరికి వాడే దాన్ని చేత్తో నిమిరాడు. ఆ తర్వాత 1950లలో జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు, భయపెట్టే సందర్భాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చుకొని ఒక్కొక్కటే దాటే పద్ధతిని చికిత్సగా తీర్చిదిద్దారు. మీరు సిరంజి బొమ్మ చూడటంతో మొదలుపెట్టవచ్చు. తర్వాత సూది లేని సిరంజిని చేతిలో పట్టుకోవడం, మోచేతి మడతలో స్పిరిట్ దూదితో రుద్దుకోవడం, పరీక్ష లేకపోయినా ల్యాబ్‌లో కాసేపు కూర్చుని రావడం. ఒక్కొక్క మెట్టు దగ్గర విసుగు పుట్టేదాకా ఆగండి.

వానచినుకు

దారిదీపం గారు చెప్పినదంతా సరైనదే, అయితే మీరు కళ్లు తిరిగి పడిపోయానన్నారు కనుక ఒక ముఖ్యమైన తేడా చెప్పకుండా ఉండలేను. ఎత్తు, చీకటి, జనసమూహం వంటి భయాల్లో రక్తపోటు పెరుగుతుంది కాబట్టి మనిషి సాధారణంగా స్పృహ తప్పడు. రక్తం, సూది భయంలో మాత్రం రక్తపోటు, గుండె వేగం మొదట పెరిగి, ఆ వెంటనే ఉన్నట్టుండి పడిపోతాయి. మెదడుకు చాలినంత రక్తం అందక కళ్లు బైర్లు కమ్ముతాయి. ఒళ్లు వదులు చేసి ప్రశాంతంగా ఉండమని అందరూ ఇచ్చే సలహా అందుకే ఇక్కడ అక్కరకు రాదు.

చేయవలసింది దానికి పూర్తిగా విరుద్ధం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ఒక్కసారిగా బిగించి, ముఖంలో వెచ్చదనం తెలిసేదాకా, అంటే సుమారు 10 నుంచి 15 సెకన్లు, అలాగే ఉంచాలి. తర్వాత మామూలు స్థితికి వచ్చి 20 నుంచి 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి, ఇలా ఐదుసార్లు. నాకూ ఇదే భయం. భుజం కింద రబ్బరు పట్టీ చుట్టే క్షణమే నాకు అన్నింటికన్నా కష్టం. అప్పుడు సూది గుచ్చే చేతిని వదులుగా ఉంచి, రెండో చేతి పిడికిలిని, తొడలను బిగించుకుంటాను. రక్తం తీసేవారికి ముందే చెప్పి, పడుకోబెట్టి తీయమని అడుగుతాను. అలా అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

తొలిపొద్దు

రెండు మాటలు. పడిపోయిన సంగతి డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ఈ బిగింపు మొదలుపెట్టే ముందు అడిగి తీరాలి. ఇక విసుగు పుట్టేదాకా ఆగాలన్నది నియమం కానక్కరలేదని నా అభిప్రాయం. ప్రతి మెట్టుకు ముందు "ఇప్పుడు నాకు ఏం జరుగుతుందని భయపడుతున్నాను?" అన్నది కాగితం మీద రాసుకొని, అయ్యాక నిజంగా జరిగినదాన్ని దాని పక్కనే రాయండి. ఒంట్లో వణుకు పూర్తిగా పోకపోయినా, ఆ రెండింటికీ ఉన్న దూరమే మనసుకు కొత్త సంగతి నేర్పుతుంది.

చిరుగాలి

నన్ను తప్పుపట్టకుండా ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. దూది, స్పిరిట్‌తో మొదలుపెడతాను. వానచినుకు గారూ, ఆ బిగింపు పరీక్ష రోజున చేస్తే సరిపోతుందా?

వానచినుకు

సరిపోదండీ, ముందు నుంచే రోజూ సాధన చేయాలి. చెమట పట్టడం, చెవుల్లో హోరు, చూపు మసకబారడం వంటి తొలి సూచనలు కనిపించగానే ఆలోచించకుండా బిగించగలిగేంతగా ఒంటికి అలవాటు కావాలి. వదిలేటప్పుడు ఒళ్లు పూర్తిగా సడలనివ్వకుండా మామూలు స్థితి దగ్గరే ఆపండి. రక్తం తీయడం అయ్యాక కూడా వెంటనే లేవకుండా కాసేపు అలాగే పడుకోండి.