ఊదా తేనెపిట్ట మెరుపు ఫొటోలో ఎందుకు రావడం లేదు?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెరట్లో తూర్పు ప్రహరీ పక్కన ఉన్న మందారం మీదికి రోజూ ఉదయం 7 నుంచి 8 గంటల మధ్య మగ ఊదా తేనెపిట్ట వస్తుంది. మెడ తిప్పిన క్షణంలో గొంతు దగ్గర నీలం, ఊదా కలిసి భగ్గుమంటాయి. ఎంత అందమో! ఫొటోలో మాత్రం పిట్ట ఆకారంలో ఉన్న నల్ల ముద్ద కనిపిస్తోంది.

కెమెరా లెన్సు 250 మి.మీ., దూరం సుమారు 3 మీటర్లు. ఎపర్చర్ (లెన్సు ద్వారం) ఎఫ్/5.6, షట్టర్ సెకనులో 1000వ వంతు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600. ఫోకస్ సరిగ్గానే ఉంది, ముక్కుకు అంటిన పుప్పొడి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే, అంటే వెలుగు రెట్టింపు చేస్తే, మందార రేకులు వెలిసిపోయి, పిట్ట బూడిద రంగుకు మారింది. పిట్ట మీది వెలుగును మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్‌తోనూ అంతే. రా ఫైలులో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫొటోలో) నీడ భాగాల్లో వెలుగు పెంచితే నలుసులు తప్ప రంగు రాలేదు. ఆ మెరుపు ఈకల నిర్మాణం వల్ల వచ్చేది, వెలుగు తగిన కోణంలో పడితేనే కనిపిస్తుందని తెలుసు. చిక్కల్లా, వరండాలో నిలబడితే ఎండ నాకు ఎదురుగా ఉంటుంది. సాయంత్రం చెట్టు ఇంటి నీడలో ఉంటుంది, పిట్టా రాదు. ప్రహరీ వైపు వెళ్తే ఎగిరిపోతుంది. దాన్ని బెదరగొట్టడం ఇష్టం లేక ఫ్లాష్ వాడలేదు.

వరండా వైపు తెల్లని థర్మకోల్ పలక పెట్టి ఎండను పిట్ట మీదికి మళ్లించాలంటే, దాన్ని ఎంత దూరంలో, ఏ కోణంలో ఉంచాలి?