డిజిటల్ వచ్చింది, స్కానర్‌ను అటకెక్కించాల్సిందేనా?

హన్మకొండ డాబా: గాలిలో పోయే వైర్‌లెస్ మాటలు వెతికి వినిపించే రేడియో స్కానర్ నా హాబీ. పదేళ్లుగా మా డాబా మీద దాని యాంటెన్నా ఉంది. ఒకప్పుడు నాబ్ తిప్పితే పోలీసులదో, ఇంకెవరిదో మాట ఒకటి దొరికేది. ఇప్పుడు సగం చానెళ్లలో జర్ర్‌ర్ అనే మోత తప్ప ఏమీ లేదు. పాత అనలాగ్ పద్ధతిలో సిగ్నల్ ఎంత సన్నగా ఉన్నా గరగరలోంచి మాట పట్టుకునేవాళ్లం. డిజిటల్ వస్తే గంట కొట్టినట్టు వస్తుంది, కాస్త తగ్గితే ముక్కలై ఆగిపోతుంది. చెవికి పనే లేదు. నా మట్టుకు ఈ హాబీ అయిపోయింది. కాదనేవాళ్లుంటే చెప్పండి.

కాజీపేట కుర్రాడు: అన్నా, నేను కాదంటాను. డిజిటల్ వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు, అంటే వేరేవాళ్లు వినకుండా మాటకు తాళం వేయడం. మీరు విన్న మోత డీఎంఆర్ అనే డిజిటల్ రేడియోది అయ్యుంటుంది. 12.5 కిలోహెర్ట్జ్ చానెల్‌ను రెండు టైమ్ స్లాట్లు చేసి, ఒకేసారి రెండు సంభాషణలు నడిపే పద్ధతి అది. ఏఈఎస్ లాంటి తాళం వేస్తేనే తలుపు మూసుకున్నట్టు. రష్యా మెటియోర్-ఎం ఉపగ్రహం 137 మెగాహెర్ట్జ్‌లో మేఘాల ఫొటోలు పంపుతుంది. అదీ డిజిటలే, తాళం మాత్రం లేదు. ల్యాప్‌టాప్, దానికి తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న రేడియో రిసీవర్ ఉంటే చాలు.

హన్మకొండ డాబా: తమ్మీ, అదే ఫ్రీక్వెన్సీ పట్టీలో అమెరికా నోవా వాతావరణ ఉపగ్రహాల అనలాగ్ బొమ్మలు టిక్‌టాక్ టిక్‌టాక్ అని చెవికి వినిపిస్తూ వచ్చేవి. 2025 ఆగస్టులో అవీ ఆగిపోయాయి. ల్యాప్‌టాప్ విని నాకు చూపిస్తే, నేను విన్నట్టా?

కరీంనగర్ పాత హ్యామ్: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. పోలీసుల మాటలు వినడం అనలాగ్ రోజుల్లోనూ మన హక్కు కాదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్ దగ్గర ఉంచుకోవడమే తప్పని 1933 చట్టం చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ రేడియో పరికరాలకు అనుమతి కావాల్సిందే. పక్కింటి తలుపు తెరిచి ఉందని లోపలికి పోతామా? తాళం పడ్డాక ఏడవడం నాకు వింతగా ఉంది. పరీక్ష రాసి హ్యామ్, అంటే అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకోండి.

కాజీపేట కుర్రాడు: అయితే సార్, విమానాలు? పైలట్లు ఇప్పటికీ 118–137 మెగాహెర్ట్జ్‌లో ఏఎమ్ అనే పాత అనలాగ్ పద్ధతిలోనే మాట్లాడతారు. ఇద్దరు ఒకేసారి మైకు బటన్ నొక్కితే ఈల వినిపిస్తుంది, మాటలు ఢీకొన్నాయని తెలుస్తుంది, అందుకే వదల్లేదంటారు. ఆ మాటలూ మనకోసం కాదుగా. మరి గీత ఎక్కడ?

కరీంనగర్ పాత హ్యామ్: మంచి ప్రశ్నే. నేనైతే అందరి కోసం పంపేవి, హ్యామ్ పట్టీలవి మాత్రమే వింటాను. డాబా గారూ, చెవికి పని కావాలన్నారు కదా, 145.800 మెగాహెర్ట్జ్ పెట్టండి. అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు స్కూలు పిల్లలతో మాట్లాడేది ఇంకా అనలాగ్ ఎఫ్ఎమ్‌లోనే. మన నెత్తి మీదుగా పోయేది పది నిమిషాలే. దాని వేగం వల్ల వచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్‌కు పైగా ఎక్కువ, పోయేటప్పుడు అంతే తక్కువ. నాబ్ తిప్పుతూనే ఉండాలి.

హన్మకొండ డాబా: తిప్పుతాను సార్. కానీ రోజూ మాట్లాడరు కదా వాళ్లు! మిగతా రోజుల సంగతేంటి?