రూటు పొడిగించారు, బస్సు పెంచలేదు: సోమవారం అర్జీలో ఏ లెక్కలు రాయాల?

తుమ్మలగుంట_రోడ్డు
తిరుపతిలో పడమటి వైపు నుంచి బస్టాండ్ మీదుగా రేణిగుంట రోడ్డు దాకా ఒకటే బస్సు పోతా ఉండె. దాన్ని ఆర్టీసీ వాళ్లు బస్టాండ్ దగ్గర తెంచేసినారు. ఇప్పుడు ఆడ దిగి ఇంకో బస్సు ఎక్కాల, ఇంకో టికెట్ తీసుకోవాల. ఇంకో లైనునేమో చివర 3 కి.మీ. పెంచి కొత్త కాలనీ లోపలికి తిప్పుతున్నారు. వాటికి బస్సులైతే పెరగలేదు. కొన్ని ట్రిప్పులు శ్రీనివాస సేతు (ఫ్లైఓవర్) పైనుంచి పోతున్నాయి. అడిగితే "కిలోమీటర్లు ఏమీ తగ్గించలేదు, చార్జీ రేటు మార్చలేదు" అని జవాబు. రెండు మాటలూ నిజమే కావచ్చు, అయినా జనానికి ఖర్చూ పెరిగింది, కాచుకునే టైమూ పెరిగింది. ఇది ఎట్లా జరుగుతుందో లెక్కతో చూపించి కాలనీ సంఘాల తరఫున అర్జీ పెట్టాలనుకుంటున్నాం. "పాత రూటే కావాలి" అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తారని భయం. తెలిసినవాళ్లు చెప్పండి సార్.

రన్నింగ్_టైమ్
వాళ్ల మొదటి మాటతోనే మొదలుపెడదాం. కిలోమీటర్లు తగ్గకుండానే ట్రిప్పులు తగ్గుతాయి. ఎట్లాగంటే, ఒక లైను పొడవు 14 కి.మీ., పోవడానికి 45 నిమిషాలు, రెండు కొసల్లో 5 నిమిషాల చొప్పున నిలుపుదల అనుకోండి. పోయి రావడానికి 100 నిమిషాలు. 5 బస్సులు తిరిగితే 20 నిమిషాలకొకటి వస్తుంది. ఇప్పుడు 3 కి.మీ. పొడిగించారు. కాలనీ రోడ్లు, స్పీడ్ బ్రేకర్లు, మలుపులో ఎదురొచ్చే ఆటోలు, అన్నీ కలిపి ఆ 3 కి.మీ.కే 12 నిమిషాలు పడుతుంది. పోయి రావడం 124 నిమిషాలైంది. అవే 5 బస్సులతో బస్సుకూ బస్సుకూ మధ్య దాదాపు 25 నిమిషాలు.

ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా 14 గంటల్లో ముందు 42 ట్రిప్పులు వచ్చేవి, ఇప్పుడు 34కు మించవు. కిలోమీటర్లు చూడండి: అప్పుడు పోను రాను 28 చొప్పున 42 సార్లు, అంటే 1176. ఇప్పుడు పోను రాను 34 చొప్పున 34 సార్లు, అంటే 1156. కాగితం మీద దాదాపు సమానం. దారిలో నిలబడ్డవాళ్లకు మాత్రం రోజుకు ఎనిమిది బస్సులు పోయినట్టే. అర్జీలో కిలోమీటర్ల ఊసే ఎత్తకండి. "స్టాపుకు గంటకు ఎన్ని బస్సులు" అనే లెక్క మీదే గట్టిగా నిలబడండి.

ఇంకోటి, ఇది ఎవరూ బయటికి చెప్పరు. చట్టం ప్రకారం డ్రైవరు, కండక్టరుకు రోజుకు 8 గంటల పని, మధ్యలో విరామం ఇవ్వాలి. 480 నిమిషాల్లో 100 నిమిషాల రౌండ్లు నాలుగు వేసినా 80 నిమిషాలు మిగులుతాయి, అందులో డిపో నుంచి రావడం, క్యాష్ కట్టడం, భోజనం అన్నీ ఇముడుతాయి. 124 నిమిషాలైతే నాలుగు రౌండ్లకే 496. చట్టం దాటాలి, లేదంటే నాలుగో రౌండు తీసేయాలి. తీసేసేది ఎప్పుడూ సాయంత్రం ట్రిప్పే, ఎందుకంటే ఆలస్యాలన్నీ పోగయ్యి డ్యూటీ చివర్లో తేలతాయి. కరకంబాడి, రేణిగుంట వైపు ఫ్యాక్టరీ షిఫ్టు వదిలేటప్పుడు బస్సు కనబడకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కండక్టరు మీద అరిచి లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ లేదు.

ఏం అడగాలి? కొత్త కాలనీకి బస్సు వద్దనకండి, వాళ్లూ మన జనమే. ట్రిప్పు విడిచి ట్రిప్పు లోపలికి పంపి మిగతావి పాత కొసలోనే తిప్పమనండి. అట్ల చేస్తే పాత రౌండు 100, కొత్త రౌండు 124, సగటున 112. అవే 5 బస్సులతో 22, 23 నిమిషాలకొకటి వస్తుంది. ఒక్క బస్సు అదనంగా ఇస్తే అన్ని ట్రిప్పులూ లోపలికి పోయినా 21 నిమిషాలే. ఈ రెండూ రాసి ఏదో ఒకటి ఎంచుకోమనండి.

స్టేజీ_లెక్క
రేటు మార్చలేదన్నది కూడా నిజమే. కి.మీ.కు ఎంత అనే రేటు డిపో చేతిలో ఉండదు. మోటారు వాహనాల చట్టం (1988) 67వ సెక్షన్ కింద చార్జీల మీద రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇస్తుంది. కానీ టికెట్ కొట్టేది కి.మీ. లెక్కన కాదు, స్టేజీ (దారిలో చార్జీ మారే చోటు) లెక్కన. పెరిగేది ఆడే.

పల్లె వెలుగులో సాధారణంగా 5 కి.మీ.కు ఒక స్టేజీ. 2022 ఏప్రిల్ నుంచి కనీస చార్జీ 10 రూపాయలు. చిల్లర గొడవ లేకుండా 5కు సర్దుతారు. తేలిగ్గా లెక్కేసుకునేందుకు, రెండు స్టేజీల దాకా 10, ఆపైన స్టేజీకి 5 అనుకోండి. బస్టాండ్‌కు 9 కి.మీ., ఆ తర్వాత 6 కి.మీ., మొత్తం 15 పోయే మనిషికి ఒకే బస్సయితే మూడు స్టేజీలు, 15 రూపాయలు. తెంచితే 10, మళ్లీ 10. రేటు పైసా పెరగలేదు, కనీస చార్జీ రెండుసార్లు పడింది, అంతే. పోను రాను రోజుకు 10, నెలకు 26 పనిదినాలకు 260. రోజుకూలికి పోయే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

రెండోది, స్టేజీ జరపడం. మధ్యలో ఎక్కితే వెనకాల స్టేజీ నుంచి టికెట్ కొడతారు. ఆస్పత్రి గేటు దగ్గరున్న స్టేజీని 600 మీటర్లు ముందున్న సర్కిల్‌కు జరిపారనుకోండి. గేటు దగ్గర ఎక్కే రోగి పోయే దూరం మారలేదు, కానీ వెనకాల ఉన్న ఇంకో స్టేజీ నుంచి టికెట్ పడుతుంది, 10 కాస్తా 15 అవుతుంది. దీన్ని పట్టుకోవాలంటే పాత టికెట్, కొత్త టికెట్ పక్కపక్కన పెట్టి ఎక్కిన స్టేజీ పేరు చూడండి. టిమ్ (టికెట్ కొట్టే మిషన్) కాగితం నెల రోజులకే వెలిసిపోతుంది, అందుకే అదే రోజు ఫోటో తీసిపెట్టుకోండి.

ఆడవాళ్ల సంగతి వేరేగా రాయండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ఉచితం. నాన్‌స్టాప్ సర్వీసులకు, తిరుమల కొండకు పోయే సప్తగిరి బస్సులకు ఇది లేదు. అందుకే మార్పుల్లో పల్లె వెలుగు బోర్డు తీసి పథకంలో లేని బోర్డు పెట్టారేమో తప్పక చూడండి. పెట్టి ఉంటే ఆడవాళ్లకు సున్నా నుంచి ఒకేసారి పూర్తి చార్జీ అయినట్టు. బోర్డు ఫోటో, టైము, టికెట్, మూడూ ఉంటే ఎవరూ కాదనలేరు.

పిల్లల పాస్ మీద రాసిన దారి కూడా చూసుకోండి. రెండో బస్సులో చెల్లుతుందని రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

లీలామహల్_కింద
సేతు మీద ఒక్క మాట. పైనుంచి పోతే నాలుగైదు నిమిషాలు కలిసొస్తాయి, నిజమే. కానీ లీలామహల్ సర్కిల్, శ్రీనివాసం, బస్టాండ్ అన్నీ కిందనే ఉండాయి. ఎక్కేవాళ్లు కింద, బస్సు పైన. అద్దం మీద "సేతు మీదుగా" అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాల. లేకుంటే కింద స్టాపులో ముసలివాళ్లు అదే నంబరు బస్సు కోసం కాచుకోనుంటారు, అది తల మీదుగా పోతా ఉంటాది. ఏ ట్రిప్పు పైన, ఏది కింద అని టైమ్‌టేబుల్ స్టాపులో అతికించమని అడగండి. ఆమోదించిన టైమ్‌టేబుల్ బస్సులోనూ స్టాండ్లలోనూ పెట్టాలని పర్మిట్‌కు షరతు పెట్టొచ్చని మోటారు వాహనాల చట్టం 72వ సెక్షన్‌లోనే ఉండాది.

తుమ్మలగుంట_రోడ్డు
చాలా థాంక్స్ అన్నా. ఒక అనుమానం. టికెట్ల లెక్కలు వాళ్ల దగ్గరే ఉంటాయి కదా, మనం విడిగా లెక్కపెట్టాల్సిన పని ఉందా?

రన్నింగ్_టైమ్
తప్పకుండా ఉంది. టిమ్‌లో టికెట్ తీసుకున్నవాళ్లే ఉంటారు. బస్సు నిండి ఎక్కలేక మిగిలిపోయినవాళ్లు, విసుగొచ్చి షేర్ ఆటో ఎక్కినవాళ్లు ఏ మిషన్‌లోనూ ఉండరు. రూటు మార్చినాక టికెట్లు తగ్గితే "ఈ లైనులో జనం లేరు" అని రాసి ఇంకో ట్రిప్పు తీసేస్తారు. దాన్ని ఆపేది మీ లెక్కే.

రెండు స్టాపులు ఎంచుకోండి, ఒకటి తెంచిన చోట, ఒకటి పొడిగించిన లైను మధ్యలో. ఒక్కో స్టాపుకు ఇద్దరు, ఒకరు రాయడానికి, ఒకరు లెక్కపెట్టడానికి. ఉదయం 6.30 నుంచి 10.30, సాయంత్రం 4 నుంచి 8. మంగళవారం, బుధవారం, ఒక శనివారం. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, బడి సెలవుల రోజులు వద్దు, ఆ లెక్క పండగ లెక్క అని కొట్టేస్తారు. నోట్‌బుక్‌లో గీతలు కొట్టి ఇవి రాయండి: బస్సు వచ్చిన టైము, బోర్డు, బండి నంబరు చివరి నాలుగంకెలు, ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు, మిగిలిపోయినవాళ్లు. తెంచిన చోట ఇంకో గడి: దిగిన మనిషికి రెండో బస్సు ఎన్ని నిమిషాలకు దొరికింది. గడియారం మాత్రం అందరూ ఫోన్‌దే పెట్టుకోండి, చేతి వాచీల్లో తేడా వస్తుంది.

స్టేజీ_లెక్క
కాగితాల దారి కూడా చెప్తాను. సమాచార హక్కు దరఖాస్తు ముందు వేసేయండి, జవాబుకు 30 రోజుల గడువు. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు. "ఎందుకు మార్చారు" అని అడగకండి, కారణం రాసిన కాగితం లేదంటే ఆడికి ఆగిపోతుంది. కాగితాల పేర్లు రాయండి: మార్పుకు ముందూ తర్వాతా ఆ రూటు టైమ్‌టేబుల్, స్టేజీల పట్టిక కి.మీ.లతో సహా, ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు ట్రిప్పుల వారీగా టికెట్ల లెక్క (ఆడవాళ్ల సున్నా టికెట్లు విడిగా), రద్దయిన ట్రిప్పుల రిజిస్టరు. రికార్డులు స్వయంగా చూస్తామని కూడా రాయొచ్చు, మొదటి గంటకు ఫీజు ఉండదు.

అర్జీ మాత్రం అవి వచ్చేదాకా ఆపొద్దు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి, ఒక కాపీ జిల్లా ప్రజా రవాణా అధికారికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఒక పేజీ దాటొద్దు. అడిగేవి నాలుగే రాయండి: పొద్దున 7 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8 మధ్య తెంచిన బస్సును మళ్లీ నేరుగా నడపాల. మిగతా టైములో బస్టాండ్‌లో మారేవాళ్లకు గంటన్నర లోపల రెండో టికెట్‌లో కనీస చార్జీ పడకుండా చూడాల. కాలనీకి ట్రిప్పు విడిచి ట్రిప్పు పంపాల. స్టేజీ జరిపి ఉంటే పాత చోటికే రావాల. ప్రతి దాని పక్కన మీరు లెక్కపెట్టిన అంకె, తేదీ ఉండాల. నోట్‌బుక్ పేజీల జిరాక్సులు వెనకాల పిన్ను కొట్టండి, అసలువి మీ దగ్గరే పెట్టుకోండి.