అప్‌డేట్: పట్టుచీరల కొట్టు బ్లాగుకు కొత్త విషయాలు

బరంపురంలోని మా పట్టుచీరల కొట్టు బ్లాగుకు రాయడానికి విషయాలు దొరకడం లేదని ఆమధ్య అడిగాను కదా. గల్లాపెట్టె దగ్గర నోటుపుస్తకం పెట్టి, కొనేవాళ్లు అడిగేవన్నీ రాసుకోమన్న సలహా అన్నిటికంటే బాగా పనిచేసింది.

ఒకావిడ చీర అంచు మీది గుడి గోపురాల వరుసను వేలితో చూపించి, "ఇది అసలు బరంపురం పట్టేనని నమ్మేదెలా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకే రెండు వ్యాసాలు వచ్చాయి: భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కేలా ఇచ్చే జీఐ ట్యాగ్) గురించి ఒకటి, పోగును కాల్చి చూడటం గురించి ఇంకొకటి. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

మన సైటు గూగుల్‌లో ఏ మాటలకు కనిపించిందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల వెతుకులాటలు దొరుకుతాయి. మా పేజీ కనిపించినా ఎవరూ నొక్కని మాటలే కొత్త శీర్షికలవుతున్నాయి. కృత్రిమ మేధను అడగమన్నవారికి ఒక దండం. అది ఇచ్చినవన్నీ ఏ ఊరి కొట్టుకైనా అతికేవే.

రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతరకు, పెళ్లి ముహూర్తాలకు ముందుగానే రాసిపెట్టుకుంటున్నాను. తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. రెండు భాషల్లో నడిపినవాళ్లు ఉంటే చెప్పండి.